బటన్ సెల్ వెనుక బోర్డు

గది ఉష్ణోగ్రతను కొలిచి గుర్తుపెట్టుకునే చిన్న సర్క్యూట్ ఒకటి అనుకుందాం. చిల్లుల బోర్డు మీద వైర్లతో కడితే సబ్బుపెట్టె అంత జాగా తింటుంది. దానికే సొంతంగా పీసీబీ (ముద్రిత సర్క్యూట్ బోర్డు) గీసుకుంటే 25 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్లలో ఇమిడిపోతుంది. ఒకవైపు 20 మిల్లీమీటర్ల సీఆర్2032 బటన్ సెల్, మిగతావన్నీ రెండోవైపు. ఈ పనిలో నేర్పంతా ట్రాకులు గీయడంలో ఉందనుకుంటారు చాలామంది. కానీ ఏ భాగాన్ని ఎక్కడ కూర్చోబెట్టామన్న దగ్గరే బోర్డు బాగోగులు తేలిపోతాయి.

చిప్‌గా 8 కాళ్ల ఏటీటైనీ85 సరిపోతుంది. దానిలోని 512 బైట్ల ఈఈప్రామ్‌లో గంటకో రీడింగు, రీడింగుకో బైటు చొప్పున రాస్తే 21 రోజుల లెక్క నిలుస్తుంది. బోర్డులో గుచ్చే రకానికి కాళ్ల ఎడం 2.54 మిల్లీమీటర్లు, పైన అతికే రకానికి 1.27. రెసిస్టర్లు, కెపాసిటర్లలో 2 మిల్లీమీటర్ల పొడవుండే 0805 సైజు నాకిష్టం. ఇంతకంటే చిన్నవీ ఉన్నాయిగానీ, ట్వీజర్‌తో పట్టి చేత్తో టంకం పెట్టేవాళ్లకి ఈ సైజులోనే పని హాయిగా సాగుతుంది.

నిద్రలోంచి లేచిన చిప్ ఒక్కసారిగా కరెంటు అడుగుతుంది. బటన్ సెల్ లోపలి నిరోధం అడ్డుపడి వోల్టేజి కుంగుతుంది. ఆ క్షణంలో ఆదుకునేది చిప్ సప్లై కాలి పక్కన పెట్టే 100 నానోఫారడ్ల కెపాసిటర్. పక్కనే అంటే పక్కనే. వెళ్లిన కరెంటు తిరిగి రావాలి కదా, ఆ రానుపోను చుట్టు ఎంత చిన్నదైతే రొద అంత తక్కువ. అందుకే రెండోవైపు రాగిపొరను వీలైనంతవరకు చీల్చకుండా గ్రౌండ్‌కే వదిలేస్తారు. ఇలా పొందికగా అమర్చిన చిన్న బోర్డు కంటికి ముచ్చటగా ఉండటమే కాదు, పనిలోనూ నికరంగా నిలుస్తుంది.

సెన్సర్ దగ్గర మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. రాగి వేడిని చకచకా మోస్తుంది. గ్రౌండ్ పొరను సెన్సర్ కిందికీ పరిస్తే సెన్సర్ గదిని వదిలేసి బోర్డు వేడినే కొలుస్తుంది. కాబట్టి దాన్ని అంచుకి జరిపి, కింద రాగి తీసేసి, మూడువైపులా సన్నని గాడి కోయిస్తారు.

1936 ప్రాంతంలో లండన్‌లో పాల్ ఐస్లర్ రేడియో కోసం తయారుచేసిన ముద్రిత సర్క్యూట్ నుంచి వచ్చిన విద్య ఇది. ఒకప్పుడు అభిరుచిపరులు ఫెర్రిక్ క్లోరైడ్‌లో రాగిని ఇంట్లోనే కరిగించుకునేవారు. ఇప్పుడు బోర్డు నమూనా ఉన్న గెర్బర్ ఫైళ్లు పంపితే ఫ్యాక్టరీ చేసిస్తుంది. ఫ్రాన్స్‌లో 1992లో జాన్-పియేర్ షరాస్ మొదలుపెట్టిన కీక్యాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరకడం విద్యార్థులకు పెద్ద అండ.

ఫైళ్లు పంపేముందు బోర్డును అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీసి, హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలోనో మరోచోటో కొన్న భాగాలను దానిమీద పేర్చి చూడాలి. తెరమీద కనిపించని ఇరుకు అక్కడ బయటపడుతుంది. ప్రోగ్రాం ఎక్కించే 6 ప్యాడ్లను మాత్రం జాగా చాలదని తీసేయకూడదు. వాటికోసం బోర్డును 2 మిల్లీమీటర్లు పెంచినా ఫరవాలేదు.