డీజేకు ఎన్ని తెరలు కావాలి

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడితే కొత్తగా డీజే పనిలోకి దిగిన కుర్రాళ్ల నుంచి నాకు ఫోన్లు వస్తుంటాయి. సిద్దిపేట నుంచి ఒకరు, తుని నుంచి ఒకరు. అడిగేది మాత్రం ఒకటే. "అన్నా, లాప్‌టాప్‌కు ఎన్ని స్క్రీన్లు కలపొచ్చు?" ఏ స్క్రీన్‌లో ఏం చూద్దామనుకుంటున్నావని నేను తిరిగి అడుగుతాను. వైర్ల మాట ఆ తర్వాతే. ఎందుకంటే తెర పెరిగిన కొద్దీ చూడాల్సిన చోటు ఒకటి పెరుగుతుంది. ఏ తెరకు ఏ పనో తేలకుండా కలిపితే పాట మారాల్సిన క్షణంలో కన్ను ఇంకెక్కడో ఉంటుంది.

ఒకప్పుడు డీజే ముందు తెర అన్నదే లేదు. 1972లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ వచ్చాక దాదాపు మూడు దశాబ్దాలు ఈ పని రికార్డు మీద చెయ్యి, జనం మీద చూపుతోనే నడిచింది. 2000 దశకం మొదట్లో ఫైనల్ స్క్రాచ్, 2004లో సెరాటో స్క్రాచ్ లైవ్ వచ్చి లాప్‌టాప్‌ను బల్ల మీదికి తెచ్చాయి. మన ఫంక్షన్లలో తరచూ కనిపించే వర్చువల్ డీజే కూడా 2003 నాటిది. అప్పటినుంచి డీజే తల కిందికి వంగింది. ఇప్పుడు రిసెప్షనైనా, సంగీత్ అయినా, హాఫ్ శారీ ఫంక్షనైనా స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ తప్పనిసరి. పాటకు లిరికల్ వీడియో రావాలి, మధ్యలో అమ్మాయి చిన్ననాటి ఫొటోలు రావాలి, కేక్ కోసేటప్పుడు కెమెరా లైవ్ రావాలి. ఒక్క లాప్‌టాప్ మీద ఇంత బరువు పడుతోంది.

నా సెట్టులో తెరలు మూడు. లాప్‌టాప్ తెరలో రెండు డెక్కులు, వాటి వేవ్‌ఫార్మ్‌లు, వాల్ మీదికి పోతున్న బొమ్మ చిన్న కిటికీలో. పక్కన 15.6 అంగుళాల పోర్టబుల్ మానిటర్, అందులో పాటల జాబితా ఒక్కటే. మూడోది ఎల్‌ఈడీ వాల్, అది జనానిది.

జాబితాకు ఒక తెర మొత్తం ఇవ్వడం ఎక్కువనిపించవచ్చు. మన పాటల ఫైళ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లకు అనిపించదు. ఒకే సినిమా పేరును ఇంగ్లీషు అక్షరాల్లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. 'చ'కు ఒకరు సీ పెడితే ఇంకొకరు సీహెచ్ పెడతారు. దీర్ఘానికి ఒకరు రెండు ఏలు, ఇంకొకరు ఒకటే. సెర్చ్‌లో కొడితే రాని పాట జాబితాలో కళ్లతో వెతికితే దొరుకుతుంది. ఫైలు పేరులోనే పాట, మిక్స్ చేసిన డీజే, ఆయన ఊరు అన్నీ ఉంటాయి, చివరన ఎక్కడో 'రోడ్‌షో మిక్స్' అని ఉంటుంది. చిన్న తెరలో ఆ చివరి మాట తెగిపోతుంది. బరాత్ కోసం చేసిన మిక్సు హాల్లో పెద్దవాళ్లు భోజనం చేస్తుండగా మోగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెళ్లికూతురు మేనమామ బల్ల దగ్గరికొచ్చి, "తమ్మీ, మా దిక్కు పాటొకటి పెట్టు" అంటాడు. పేరు గుర్తుండదు, పల్లవిలో ముక్క పాడి వినిపిస్తాడు. ఆయన పాడుతుండగానే నేను జాబితా మీద పైనుంచి కిందికి కన్ను పరిగెత్తించాలి. అప్పుడు వెడల్పాటి తెర విలువ తెలుస్తుంది.

ఇక పోర్టుల సంగతి. చాలామంది మొదట కొనేది హెచ్‌డీఎంఐ స్ప్లిటర్. అది ఒకే బొమ్మను రెండు చోట్ల చూపిస్తుంది తప్ప రెండు వేర్వేరు తెరలు చేయదు. స్టేజీకి రెండు పక్కలా రెండు ఎల్‌ఈడీలు పెట్టి రెండింట్లో ఒకటే వీడియో రావాలంటే అది సరైన వస్తువే. జాబితా ఒకచోట, వీడియో ఒకచోట కావాలంటే మాత్రం లాప్‌టాప్ నుంచి విడివిడిగా రెండు దారులు బయటికి రావాలి. విండోస్ మీటతో పాటు పి నొక్కితే వచ్చే వాటిలో డూప్లికేట్ కాకుండా ఎక్స్‌టెండ్ ఎంచుకోవాలి.

మొదటి దారి హెచ్‌డీఎంఐ, దాదాపు ప్రతి లాప్‌టాప్‌కూ ఉంటుంది. రెండో దారి టైప్-సి. ఇక్కడే డబ్బులు వృథా అవుతాయి. టైప్-సి రంధ్రం ఉన్నంత మాత్రాన అందులోంచి బొమ్మ రాదు. ఆ పోర్టుకు డిస్‌ప్లేపోర్ట్ ఆల్టర్నేట్ మోడ్ ఉండాలి. పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే ధైర్యంగా కొనొచ్చు. గుర్తు లేకపోతే ఆ మోడల్ వివరాలు చదవందే అడుగు వేయకూడదు. చూడటానికి ఒకేలా ఉండే రెండు పోర్టుల్లో ఒకటి బొమ్మనిస్తుంది, ఇంకొకటి డేటాకే పనికొస్తుంది.

డిస్‌ప్లేపోర్ట్ 1.2తో ఎంఎస్‌టీ అనే సదుపాయం వచ్చింది. ఒకే పోర్టుకు హబ్ పెట్టి వేర్వేరు బొమ్మలతో రెండు మూడు తెరలు నడపొచ్చు. విండోస్‌లో బాగా పనిచేస్తుంది. అదే హబ్‌ను మ్యాక్‌కు పెడితే అన్ని తెరల్లోనూ ఒకటే బొమ్మ వస్తుంది, మ్యాక్ దాన్ని విడదీయదు. పైగా 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్‌లకు బయటి తెర ఒక్కటే అని ఆపిలే చెప్పింది. ఎం3 ఎయిర్‌కు రెండు వస్తాయి గానీ మూత మూసేయాలి. మూత మూస్తే లాప్‌టాప్ తెర పోయినట్టే కనుక డీజేకు దానివల్ల కలిసొచ్చేది తక్కువ. ఎం4 ఎయిర్‌తో మూత తెరిచి ఉంచే రెండు తెరలు పెట్టుకునే వీలొచ్చింది. సెకండ్‌హ్యాండ్ మ్యాక్ కొనేవాళ్లు చిప్ పేరు చూసి కొనాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇవేవీ లేని లాప్‌టాప్‌కు మామూలు యూఎస్‌బీ నుంచి హెచ్‌డీఎంఐ ఇచ్చే డిస్‌ప్లేలింక్ అడాప్టర్లు ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. 1920 గుణించు 1080 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మలు. మొత్తం దాదాపు 3 గిగాబిట్లు. యూఎస్‌బీ 2.0 మోసేది 480 మెగాబిట్లు, 3.0 మోసేది 5 గిగాబిట్లు. అందుకని ఆ అడాప్టర్ డ్రైవరు బొమ్మను ముందు కుదించి పంపుతుంది. కుదించే పని లాప్‌టాప్ ప్రాసెసర్ మీద పడుతుంది. రెండు పాటలు కలుపుతూ, టెంపో మారుస్తూ, వీడియో తెరుస్తూ ఉన్న ప్రాసెసరే ఈ పనీ చేయాలి. కదలని జాబితాకు ఇది సరిపోతుంది, ఎందుకంటే మారని బొమ్మకు పంపాల్సింది తక్కువ. ఎల్‌ఈడీ వాల్‌కు మాత్రం నేను దాన్ని ఎప్పుడూ ఒప్పుకోను. వాల్‌కు వెళ్లే దారి లాప్‌టాప్ సొంత హెచ్‌డీఎంఐ పోర్టే కావాలి.

వాల్ గురించి ఇంకో సంగతి. లాప్‌టాప్ నుంచి 4కే పంపితే బొమ్మ బాగుంటుందని చాలామంది నమ్మకం. 3.91 ఎంఎం పిచ్ ఉన్న వాల్‌లో అర మీటరు క్యాబినెట్‌కు అడ్డంగా 128, నిలువుగా 128 దీపాలు ఉంటాయి. నాలుగు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న వాల్ అంటే 1024 గుణించు 640. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో ఉండే చుక్కల్లో మూడో వంతు కూడా కాదు. 4కే పంపితే లాప్‌టాప్ వేడెక్కడం తప్ప వాల్ మీద అదనంగా కనిపించేది ఏమీ లేదు. 1080 పంపండి, 60 హెర్ట్జ్‌లో పంపండి, మిగతాది వాల్ ప్రాసెసర్ చూసుకుంటుంది.

వైరు పొడవు కూడా చూడాలి. రాగి హెచ్‌డీఎంఐ తీగ పది పదిహేను మీటర్లు దాటితే బొమ్మ మినుకుమంటుంది, లేదా అసలే రాదు. మన ఫంక్షన్ హాళ్లలో డీజే బల్లను ఓ మూలకు నెడతారు, వాల్ ప్రాసెసర్ స్టేజీ వెనక ఉంటుంది. అంత దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వాడాలి. దానికి ఒక కొస లాప్‌టాప్‌కు, ఇంకో కొస వాల్‌కు అని రాసి ఉంటుంది, తిప్పి పెడితే పనిచేయదు. లేదంటే నెట్‌వర్క్ కేబుల్ మీద బొమ్మను వంద మీటర్ల దాకా మోసే హెచ్‌డీబేస్‌టీ పెట్టెలు అద్దెకు తీసుకోవచ్చు.

ఆప్టికల్ తీగ వల్ల ఇంకో మేలు ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. సౌండ్ ఒక కనెక్షన్ నుంచి, ఎల్‌ఈడీ వాల్ ఇంకో కనెక్షన్ నుంచి కరెంటు తీసుకుంటాయి. జనరేటర్ ఒకవైపు, హాలు కరెంటు ఒకవైపు ఉండటం మామూలే. రాగి హెచ్‌డీఎంఐ ఆ రెండింటి ఎర్త్‌లనూ లాప్‌టాప్ దగ్గర కలుపుతుంది. తగిలించిన మరుక్షణం స్పీకర్లలో 'గుయ్' మంటూ హమ్ మొదలవుతుంది. మిక్సర్ చెడిపోయిందనుకుని దాన్ని విప్పేవాళ్లున్నారు. హెచ్‌డీఎంఐ పీకి చూడండి, హమ్ ఆగితే కారణం అదే. గాజు పోగు కరెంటును మోయదు కనుక లోపల రాగి పోగులు అసలు లేని ఆప్టికల్ తీగతో ఆ దారి తెగిపోతుంది. ఆడియో వైపు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ పెట్టినా తగ్గుతుంది. ఎర్త్ పిన్ విరగ్గొట్టి ప్లగ్ పెట్టడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది, ఎవరు చెప్పినా చేయొద్దు.

ఒక లాప్‌టాప్ శబ్దాన్నీ బొమ్మనూ రెండింటినీ మోస్తున్నప్పుడు ఏదో ఒకటి తగ్గాల్సి వస్తే తగ్గాల్సింది బొమ్మే. వాల్ మీద వీడియో అర సెకను ఆగితే ఎవరూ పట్టించుకోరు. శబ్దం అర సెకను తెగితే ఆడుతున్నవాళ్లందరూ ఆగి వెనక్కి తిరుగుతారు. అందుకే తెరలు కలిపిన రోజు ఆడియో బఫర్ పెంచుతాను. 44,100 హెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్లంటే 6 మిల్లీ సెకన్ల లోపు, 512 అంటే 12 లోపు. స్క్రాచ్ చేసేవాళ్లకు ఆ తేడా చేతికి తెలుస్తుంది, ఫంక్షన్‌లో పాటలు కలిపేవాళ్లకు తెలియదు. డీజే కంట్రోలర్‌ను హబ్‌కు పెట్టను, దానికి లాప్‌టాప్ సొంత యూఎస్‌బీ పోర్టు ఒకటి కేటాయిస్తాను. పోర్టబుల్ మానిటర్‌కు కరెంటు కూడా లాప్‌టాప్ నుంచి లాగకుండా వేరే ఛార్జర్ నుంచి ఇస్తాను.

మిగిలినవి చిన్న జాగ్రత్తలు. నోటిఫికేషన్లన్నీ ఆపాలి, లేకపోతే బ్యాంకు మెసేజీ వాల్ మీదికెక్కుతుంది. సెట్టింగ్స్‌లో వాల్‌ను లాప్‌టాప్ తెరకు పక్కన కాకుండా పై మూలకు తాకేలా జరపాలి, అప్పుడు మౌస్ జారి అటు పోదు. "అన్నా, వాల్ మీద బాణం తిరుగుతున్నది" అని హెల్పర్ పరిగెత్తుకొచ్చే అవసరం ఉండదు. టచ్ మానిటర్ అయితే హెచ్‌డీఎంఐ బొమ్మనే తెస్తుంది, వేలి స్పర్శ తిరిగి వెళ్లడానికి విడిగా యూఎస్‌బీ తీగ కావాలి.

తెరలు ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. మధ్యలో కంట్రోలర్, ఎడమన లాప్‌టాప్, కుడిన జాబితా తెర. రెండూ నా ఛాతీ ఎత్తు దాటవు, ఎదురుగా జనం కనిపించాలి. బండి నడిపేవాడు అద్దంలోకి చూసినట్టు తెర వైపు ఒక చూపు, వెంటనే మళ్లీ ముందుకి. కుర్చీలో కూర్చున్న నాయనమ్మ కాలు తాళం వేస్తుంటే తర్వాతి పాట ఆవిడ కాలంది కావాలి. అది ఏ తెరలోనూ కనిపించదు. ఎదురుగా నాలుగు మానిటర్లు నిలబెట్టి వాటి వెనక దాక్కున్న సెట్లు చూస్తే నాకు బాధగా ఉంటుంది. నలుగురూ లేచి ఆడారా లేదా అన్నదే మన పని, ఆ నలుగురినే కప్పేసే తెర మనకెందుకు?

నాలుగో తెర కావాలని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే. కెమెరా లైవ్, ఫొటోలు, లోగోలు అన్నీ కావాల్సిన పెద్ద ఫంక్షన్ అయితే రెండో లాప్‌టాప్ తెచ్చి బొమ్మల పని పూర్తిగా దానికి అప్పగించండి. అందులో రెసొల్యూమ్ లాంటి సాఫ్ట్‌వేర్ నడపండి, దాని దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. పాటల లాప్‌టాప్‌ను పాటలకే వదిలేయండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. పార్టీతో ముందే మాట్లాడి బిల్లులో చూపించండి.

మానిటర్ కొనబోయే తమ్ముళ్లూ, డబ్బు కట్టే ముందు మీ లాప్‌టాప్ మోడల్ నంబరు పెట్టి ఏ పోర్టు నుంచి బొమ్మ వస్తుందో, మొత్తం ఎన్ని తెరలు నడుస్తాయో చూసుకోండి. ఫంక్షన్‌కు ముందు రోజు కంట్రోలరు, తెరలు అన్నీ తగిలించి ఇంట్లోనే రెండు గంటలు ఆపకుండా నడపండి. శబ్దం ఒక్కసారి కూడా తెగకపోతేనే ఆ సెట్టును బండి ఎక్కించండి.