నొసటి గీతలు, సూది పట్టే చేయి

ముఖం మీది ముడతలు రెండు రకాలు. నవ్వినప్పుడో, కనుబొమలు ముడిచినప్పుడో కనబడి, ముఖం తేటపడగానే పోయేవి కొన్ని. ముఖం కదలకున్నా చర్మంలో గీసినట్టు నిలిచిపోయేవి కొన్ని. బొటాక్స్ అని అందరూ పిలిచే ఇంజెక్షన్ బాగా పనిచేసేది మొదటి రకం మీద. రెండో రకాన్ని అది కొంత తేలిక చేస్తుందే కానీ పూర్తిగా చెరిపెయ్యలేదు.

విశాఖపట్నంలో ఈ తేడా తెలిసి ఉండటం మరీ అవసరం. ఫిషింగ్ హార్బరులో వలలు లాగేవాళ్లు, పోర్టు బెర్తుల దగ్గర సరుకు దించేవాళ్లు, ఉక్కు ఫ్యాక్టరీ యార్డుల్లో పనిచేసేవాళ్లు ఎండకు రోజంతా కళ్లు చికిలిస్తూనే ఉంటారు. నీటి మీద పడి ఎదురుకొట్టే వెలుగు దానికి తోడు. ఏళ్ల తరబడి ఎండకు చర్మం లోపలి కొల్లాజెన్ దెబ్బతిన్న తర్వాత, కండరాన్ని సడలించినంత మాత్రాన అది తిరిగి రాదు. ఇలాంటి ముఖానికి మొదటి వైద్యం సన్‌స్క్రీన్, అంచు వెడల్పుగా ఉన్న టోపీ, చలువ కళ్లద్దాలు. ఆ మాట ఎత్తకుండా నేరుగా సూది రేటు చెప్పే క్లినిక్‌ను నమ్మకపోవడమే మంచిది.

మందు సంగతికి వస్తే, ఇది క్లాస్ట్రిడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా తయారుచేసే విషం. పాడైన పంది మాంసం తిని బెల్జియంలో కొందరు చనిపోయినప్పుడు, 1890లలో ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ బ్యాక్టీరియాను గుర్తించాడు. కండరం ముడుచుకోవాలంటే నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కావాలి. ఈ విషం దాన్ని అక్కడే అడ్డుకుంటుంది. అతి తక్కువ మోతాదులో, కావలసిన చోటే ఇస్తే ఆ కండరం మాత్రమే కొన్ని నెలలు విశ్రాంతిలో ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టర్ అలన్ స్కాట్ దీన్ని మెల్లకన్నుకు వాడాడు. 1989లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది కూడా మెల్లకన్నుకు, ఆపలేనంతగా కనురెప్పలు బిగుసుకునే జబ్బుకు. వాంకూవర్‌లో ఆ రెప్పల జబ్బుకు వైద్యం చేస్తున్న జీన్ కారుథర్స్, రోగుల కనుబొమల మధ్య గీతలు కూడా తగ్గడం గమనించారు. చర్మవైద్యుడైన భర్త అలస్టెయిర్‌తో కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించారు. సౌందర్యానికి ఎఫ్‌డీఏ అనుమతి 2002లో వచ్చింది. కంటి వైద్యుల చేతిలో పుట్టిన చికిత్సకు కన్నే మొదటి ప్రమాద స్థలం కూడా కావడం గుర్తుంచుకోదగ్గది.

పని తెలిసిన డాక్టరు సూది తీసే ముందు చాలాసేపు ముఖమే చూస్తారు. కోపంగా చూడమంటారు, ఆశ్చర్యంగా కనుబొమలు ఎత్తమంటారు, గట్టిగా నవ్వమంటారు. ఏ కండరం ఎంత బలంగా లాగుతోందో, రెండు వైపులా ఒకేలా ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. తర్వాత పెన్సిలుతో చుక్కలు పెడతారు. కనుబొమల మధ్య గీతలకు బొటాక్స్ లేబుల్ ప్రకారం ఐదు చోట్ల కలిపి 20 యూనిట్లు. కనుబొమ ముడిచే కండరంలో ఇచ్చే సూది ఎముక అంచుకు కనీసం ఒక సెంటీమీటరు పైన పడాలి. దాన్ని లెక్కచేయకపోతే మందు కింది కండరానికి పాకి రెప్ప వాలిపోవచ్చు. అది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కానీ అన్ని రోజులూ ఒక కన్ను సగం మూసుకుని ఉద్యోగానికి వెళ్లడం చిన్న బాధ కాదు. నొసలు పూర్తిగా బిగిసిపోయి కనుబొమలు కిందికి జారడం, తలనొప్పి, సూది గుచ్చిన చోట కమిలిపోవడం మిగతా ఇబ్బందులు. మందు ప్రభావం సూది వేసిన చోటు నుంచి దూరంగా పాకే అవకాశం గురించి 2009లో ఎఫ్‌డీఏ లేబుల్ మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. మింగడం, మాట్లాడటం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

సీసా కూడా కంటి ముందే తెరవాలని అడగడంలో తప్పేమీ లేదు. బొటాక్స్ సీసాలో మందు అడుగున సన్నని పొరలా, ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. సీసా లోపల గాలి ఉండదు కాబట్టి సెలైన్ సూది గుచ్చగానే సీసా ఆ నీటిని తనంత తానే లోపలికి లాక్కుంటుంది. లాక్కోకపోతే ఆ సీసా పారేయాలని తయారీదారే చెబుతాడు. సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి, కలిపిన మందును లేబుల్ ప్రకారం 24 గంటల్లో వాడేయాలి. బ్రాండ్ పేరు, బ్యాచ్ నంబరు, ఎన్ని యూనిట్లు ఇచ్చారన్నది రాసివ్వమనాలి. ఒక బ్రాండ్ యూనిటు మరో బ్రాండ్ యూనిటుకు సమానం కాదు. కనుబొమల మధ్యకు బొటాక్స్ 20 అయితే డిస్పోర్ట్ 50. అందుకే ప్రకటనలో కనబడే "యూనిట్ ఇంత" అన్న చవక ధర బ్రాండ్ తెలియకుండా అర్థం లేనిది. నకిలీ సరుకు ప్రమాదం ఊహ కాదు. 2004లో ఫ్లోరిడాలో, మనుషులకు వాడకూడని ప్రయోగశాల విషంతో సూదులు తీసుకున్న నలుగురు పక్షవాతంతో ఆసుపత్రి పాలయ్యారు. వారిలో సూదులు వేసిన డాక్టరు కూడా ఉన్నాడు.

ఇక సూది పట్టేవారు ఎవరు? ఎంబీబీఎస్ తర్వాత చర్మవ్యాధుల్లో ఎండీ డీవీఎల్ గానీ, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, వాటికి సమానమైన డీఎన్‌బీ గానీ చదివినవారు. 1923 నాటి ఆంధ్ర మెడికల్ కాలేజీ, దాని అనుబంధ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉన్న ఊరిలో ఇలాంటివారికి కొరత లేదు. సిరిపురం, ద్వారకానగర్ వైపు బోర్డు మీద "కాస్మెటాలజిస్ట్" అన్న మాట ఒక్కటే కనిపిస్తే, దాని వెనక ఉన్న డిగ్రీ ఏమిటని అడగాలి. పార్లర్‌లో, హోటల్ గదిలో, పెళ్లికి ముందు ఇంటికొచ్చి వేస్తామనేవారి దగ్గర అసలు వేయించుకోకూడదు. వైద్య నమోదు లేకుండా వైద్యం చేయడం 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం నేరం, ఏడాది వరకు జైలు గానీ, ఐదు లక్షల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, చీటీ మీద, రసీదు మీద కూడా చూపాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. ఆ నంబరును ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ జాబితాలో సరిచూసుకోవచ్చు. ఫోన్లోనే చేయదగ్గ పని ఇది. అయినా సిగ్గుపడి ఊరుకునేవాళ్లు ఉన్నారు.

మంచి డాక్టరు ఇవ్వనని చెప్పే సందర్భాలూ ఉన్నాయి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, మయస్తీనియా గ్రేవిస్ వంటి నర-కండర జబ్బులున్నవారికి, సూది పడే చోట ఇన్ఫెక్షన్ ఉన్నవారికి వాయిదా వేయాలి లేదా వద్దనాలి. కొన్ని యాంటీబయాటిక్స్, రక్తాన్ని పలుచన చేసే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. పెళ్లి ఎల్లుండి అనగా వచ్చినవారినీ వెనక్కి పంపాలి. ఫలితం రెండు మూడు రోజుల్లో మొదలై, పూర్తిగా తెలియడానికి రెండు వారాలు పడుతుంది, మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. మళ్లీ వేయించుకోవాలంటే కనీసం మూడు నెలల ఎడం ఉండాలి.

రెండు వారాల తర్వాత చూపించుకునే ఏర్పాటు, ఫలితం నచ్చకపోతే ఏం చేస్తారన్న మాట ముందే మాట్లాడుకోవాలి. సంతకం పెట్టే అంగీకార పత్రాన్ని చదివి, అందులో మందు పేరు, ప్రమాదాలు తెలుగులో అర్థమయ్యేలా చెప్పించుకోవాలి. తర్వాత ఏదైనా తేడా వస్తే వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లోపు ఇవ్వాలన్న నియమం పైన చెప్పిన వైద్య నైతిక నియమావళిలోనే ఉంది.