డేగ రొమ్ము మీద చూపు

మొన తేలిన పాత జర్మన్ తోలు హెల్మెట్టు చేతికిస్తే మన కళ్లు మొన మీదికే పోతాయి. తెలిసినవాడు ముందు నుదుటి బిళ్ల చూస్తాడు, ఆపైన దాని వెనకవైపు.

ప్రష్యా 1842లో ఈ హెల్మెట్టు తెచ్చింది. తర్వాత జర్మన్ రాజ్యాలు తలా ఒక గుర్తు తగిలించుకున్నాయి: బవేరియాకు సింహాలు, బాడెన్‌కు గ్రిఫిన్, సాక్సనీకి నక్షత్రం. ఇంతవరకు ఎవరైనా నేర్చుకోగలరు. అసలు పనితనమంతా ప్రష్యన్ డేగల మధ్య తేడా పట్టడంలోనే ఉంది. రొమ్ము మీద ఎఫ్.ఆర్. అక్షరాలుంటే సాధారణంగా మామూలు పదాతిదళం, నక్షత్రముంటే గార్డు దళం. శిలువ కనిపిస్తే రిజర్వు వాళ్లది. ‘కోల్‌బెర్గ్ 1807’ అన్న పట్టీ ఉందా, తొమ్మిదో గ్రెనేడియర్ రెజిమెంటుదన్నమాట! ఆఫీసరు బిళ్లకు బంగారు పూత, కిరీటంలో కోసిన సందులు, వెనక మరలు, నట్లు. సిపాయిల బిళ్లకు చాలామటుకు వెనక వలయాలతోనే సరి. 1915లో యుద్ధం ఇత్తడిని మింగేశాక బూడిదరంగు ఇనుము వచ్చింది.

అచ్చుతో నొక్కిన అసలు రేకులో ముందు ఉబ్బిన ప్రతి ఈకా వెనక పల్లంగా కనిపిస్తుంది. పోత పోసిన నకలులో ఆ పదును ఉండదు. బిళ్ల అసలుదే అయినా, తోలులో అదనపు చిల్లులు కనబడితే చాలు, వేరే హెల్మెట్టుదని పెదవి విరుస్తారు.