ఫోను మనది, మాట ఎవరిది?

కొత్త మాధ్యమం వచ్చిన ప్రతిసారీ ఇది అందరిదీ అన్నారు. నిజమేనా?

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్ 1న మొదలైంది. రేడియో వినే పెట్టె. మాట ఎప్పుడూ అటునుంచే వస్తుంది. దూరదర్శన్‌లో 1987లో రామాయణం, 1988లో మహాభారతం వచ్చాయి. ఆ మహాభారతానికి మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. అలా మన కలం తెరకి పనికొచ్చింది. కానీ తెలుగు సినిమాలో మన మనిషి ఎక్కువగా వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించేవాడిగానో, కత్తి పట్టినవాడిగానో కనబడ్డాడు.

2013లో వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపే వీలొచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. కృష్ణా డెల్టాలో చాలా ముస్లిం ఇళ్లలో తెలుగు కలిసిన ఉర్దూ, బజార్లో తెలుగు. ఉర్దూ లిపి రానివాళ్లు ఎందరో. దూదేకుల ఇళ్లలోనైతే ఇంటి భాషే తెలుగు. 2022లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఉర్దూని రెండో అధికార భాష చేసింది. మంచిదే. అయితే ఆ ఉర్దూ కాగితం మీద ఉంటుంది. మచిలీపట్నం అమ్మీ ఉర్దూ గొంతులో ఉంటుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి ఆమె ఇప్పుడు ఎవరినీ బతిమాలి ఉత్తరం రాయించుకోనక్కర్లేదు. అచ్చులో దొరకని చోటు ఆ గొంతుకి ఫోన్లో దొరికింది.

అదే ఫోను మనల్ని ముద్దాయిల్ని కూడా చేసింది. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సమావేశం తర్వాత ‘కరోనా జిహాద్’ అన్న మాట దేశమంతా తిరిగింది. రోగానికి మతం అంటగట్టారు. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 29 మంది విదేశీయుల మీద కేసులు కొట్టేసింది. వాళ్లని బలిపశువులుగా ఎంచుకున్నట్టుందని చెప్పింది. నింద వెళ్లిన ప్రతి ఫోనుకీ ఈ తీర్పు వెళ్లిందా?

మన లోపలి సంగతీ చూసుకోవాలి. ఎక్కడో కూర్చున్న ఉపన్యాసకుడు ఫోన్లోకొచ్చి దర్గాకి పోవద్దు, పీర్లెత్తవద్దు అంటాడు. హిందువులూ ముస్లింలూ కలిసి మోసిన పీర్లు అవి. మతం మీద వాదించుకోవచ్చు. కానీ మన ఊరు తెలియనివాడు మన బతుకే తప్పని తేలుస్తుంటే తలూపడం అస్తిత్వమా? ఆ ఫోను ఇంట్లో ఆడపిల్ల చేతిలో ఎంతసేపు ఉంటోంది? ఉన్నంతసేపూ ఎవరి కాపలాలో ఉంటోంది?

మనల్ని బయటివాళ్లు బొమ్మకట్టిన తీరుని ప్రశ్నించాం. అదే ప్రశ్న మన గడప లోపలికీ రావాలి. యంత్రం చేతికొచ్చినంత మాత్రాన మాట మనదైపోదు. నానీమా సామెతల్ని ఆమె గొంతులోనే దాచుకుందాం. ఆడపిల్ల తనకి తోచింది తన పేరుతో చెప్పనిద్దాం. అప్పుడే ఆ ఫోన్లో వినబడేది మన గొంతు.