కన్నవాళ్లూ, పెంచినవాడూ

కన్నది దేవకి, పెంచింది యశోద. కృష్ణుడు ఇద్దరి పేర్లూ మోశాడు గనుక మనకే తగువూ లేదు. మెక్‌డొనాల్డ్స్ హోటళ్లకి మాత్రం ఆ అదృష్టం లేకపోయింది. 2016లో వచ్చిన ‘ది ఫౌండర్’ సినిమా కథంతా ఆ తగువే. ఫౌండర్ అంటే స్థాపకుడు. ఎవరా స్థాపకుడు?

కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ అనే అన్నదమ్ములు 1940లో హోటలు పెట్టారు. 1948లో కొన్నాళ్లు మూసేసి, వంటకాలు తగ్గించి, వంటగది తిరగగట్టించారు. టెన్నిస్ కోర్టు మీద సుద్దముక్కతో గీతలు గీసి, ఎవరు ఎటు తిరగాలో పనివాళ్లని నడిపించి చూశారు. సినిమాలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఉప్పుడబ్బా చేతికందకపోతే ఎన్ని అడుగులు దండగో మనకి తెలీదూ?

మిల్క్‌షేక్ యంత్రాలమ్ముకునే రే క్రాక్ 1954లో అది చూసి ముచ్చటపడ్డాడు. 1955లో ఇల్లినాయ్‌లో తన మొదటి శాఖ తెరిచాడు. 1961లో 27 లక్షల డాలర్లిచ్చి పేరుతో సహా కొనేశాడు. పాపం, ఆ అన్నదమ్ములు సొంత హోటలుకే తమ ఇంటిపేరు తీసేసుకోవలసి వచ్చింది! ఆ పక్కనే క్రాక్ తన శాఖ పెట్టాడు. పాతది మూతపడింది.

క్రాక్‌ని ఉత్త దుర్మార్గుడిగా చూపించకపోవడం ఈ సినిమా మంచితనం. అన్నదమ్ములు అప్పటికే కొందరికి శాఖలిచ్చినా వ్యాపారం అంతగా పాకలేదు. ఊరూరా పాకించింది అతని మొండితనమే.

కానీ రెండు లోపాలున్నాయి. రాయల్టీ ఇస్తానని క్రాక్ చేతిలో చెయ్యివేసి చెప్పాడని అన్నదమ్ముల వైపువాళ్ల మాట. కాగితం మీద అది లేదు. సినిమా మాత్రం జరిగినట్టే చూపించేసింది. తగువు చెప్పేవాళ్లు సాక్ష్యం చూడొద్దూ?

రెండోది, జూన్ మార్టినో. క్రాక్ సెక్రటరీగా చేరి, జీతానికి డబ్బు చాలని రోజుల్లో కంపెనీని నిలబెట్టి, పదో వంతు వాటా సంపాదించుకున్న మనిషి. సినిమాలో ఆవిడ ఓ మూల కాగితాలు సర్దుకుంటూ ఉంటుంది, అంతే! పుట్టుక గురించి పోట్లాడేవాళ్లకి మంత్రసాని గుర్తుండదు కాబోలు.

2005లో ఆ కంపెనీ యాభయ్యేళ్ల పండుగ చేసుకుంది. అంటే 1955కి ముందున్న పదిహేనేళ్లూ లెక్కలోకి రాలేదన్నమాట. పెంచినవాడికి దండ వెయ్యండి, కాదనను. కానీ పెంచిన రోజునే పుట్టినరోజంటే కన్నవాళ్లేమైపోవాలి?