మహావీరుడి అంకెల హారాలు

27994681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుంది. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, మళ్ళీ ఒకటి దాకా దిగే సంఖ్య ఇది. ఎటు నుంచి చదివినా ఒకటే. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో జీవించిన జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన 'గణితసారసంగ్రహం'లో గుణకారానికి ఇచ్చిన లెక్కల్లో ఇదొకటి. ఇటువంటి లబ్ధాలను ఆయన మెడలో వేసుకునే హారాలతో పోల్చాడు.

ఈ హారం ఎలా కుదిరిందో చూద్దాం. 441 అంటే 21 వర్గం. 27994681 అంటే 5291 వర్గం. 5291ని 21తో గుణిస్తే 111111. అంటే ఆచార్యుడు అడిగింది నిజానికి 111111 వర్గమే. ఆ గుణకారాన్ని కాగితం మీద వేసి చూడండి: ఆరు వరుసలు, ఒక్కోటి ఒక్కో స్థానం ఎడమకు జరిగి ఉంటుంది. కుడి చివరి నిలువులో ఒక ఒకటి, పక్కదాంట్లో రెండు, నడుమ ఆరు, ఆ తర్వాత మళ్ళీ ఒక్కొక్కటే తగ్గుతాయి. ఏ నిలువులోనూ మొత్తం తొమ్మిది దాటదు కాబట్టి మిగులు పక్క స్థానానికి పోదు. తొమ్మిది ఒకట్ల దాకా ఇలాగే సాగుతుంది. పదో ఒకటి చేరగానే నడుమ పది వచ్చి హారం తెగిపోతుంది.

111111 కారణాంకాలు 3, 7, 11, 13, 37. అన్నీ ప్రధాన సంఖ్యలే. వాటిలో 3, 7 ఒక పక్కకు, 11, 13, 37 మరో పక్కకు చేర్చి, రెండు లబ్ధాలకూ వర్గాలు కట్టి లెక్క ఇచ్చాడు. అందుకే ఇచ్చిన సంఖ్యలు చూస్తే జవాబు ఆనవాలు దొరకదు. వర్గంలో ఒక్కో కారణాంకం రెండేసిసార్లు ఉంటుంది కాబట్టి ఈ పెద్ద సంఖ్యకు సరిగ్గా 243 భాజకాలున్నాయి.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఇందులోని బోధన. జవాబు సరో కాదో చెప్పడానికి గురువు అక్కర్లేదు. ఒక్క అంకె తప్పినా విద్యార్థి కంటికే తెలిసిపోతుంది. ఆ రోజుల్లో సంఖ్యలను పద్యంలో ఇమిడ్చే పద్ధతీ ఉండేది: అగ్ని అంటే 3, గిరి అంటే 7. అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చెబుతారు కనుక 'అగ్ని, గిరి' అంటే 73. లెక్కతోపాటు స్థానవిలువ కూడా నోటికి వచ్చేది.

'గణితసారసంగ్రహా'న్ని పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో గణితశాస్త్రానికి అదే తొలి గ్రంథంగా పేరు పొందింది. ఆది కవుల పక్కన నిలబెట్టాల్సిన ఈ మనిషిని బడి పిల్లలకు పేరు కూడా తెలియకుండా వదిలేయడం అన్యాయం.

అయ్యవార్లకు ఒక విన్నపం. గుణకారం చెప్పే రోజున 152207ని 73తో గుణించమని బోర్డు మీద రాయండి. ఎనిమిది ఒకట్లు వరుసగా వచ్చాక, ఈ లెక్క ఎవరిదో, తెలుగులోకి ఈ విద్య ఎవరు తెచ్చారో పిల్లలకు చెప్పండి.