మిరుగు ముందు రాసుకునే కాగితం

2023 జులై 27 తెల్లవారకముందే పరకాల–భూపాలపల్లి రోడ్డు మీదున్న మోరంచపల్లిని వాగు ముంచేసింది. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో అప్పటికి ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. నిద్రలో ఉన్న జనం లేచినవాళ్లు లేచినట్టే మిద్దెలెక్కారు. పడవలు వచ్చి దించేదాకా వాళ్లకు బయటి లోకంతో మిగిలిన తోవ చేతిలోని ఫోనే. నలుగురు కొట్టుకుపోయారు.

ఆ దిక్కు చుట్టాలున్న మా జమ్మికుంట వాళ్లు ఆ పొద్దంతా చేసిన పని ఒకటే: రింగు పోతుందా లేదా అని మళ్లీ మళ్లీ నొక్కి చూడటం. అన్న చేస్తాడు, ఆడబిడ్డ చేస్తుంది, వియ్యంకులు చేస్తారు. అందరిదీ ప్రేమే. కానీ మిద్దె మీద తడుస్తున్న మనిషి ఫోన్లో మిగిలిన చార్జింగును ఆ ప్రేమే తినేస్తుంది. కరెంటు పోయిన ఊళ్లో టవరు కూడా కొన్ని గంటలు బ్యాటరీ మీద, ఆ తర్వాత డీజిల్ మీద నడవాలి. రోడ్డు తెగితే డీజిల్ రాదు. ఉన్న కాస్త సిగ్నల్ మీద అందరూ ఒక్కసారే పడితే ఎవరికీ లైను దొరకదు.

అందుకే వరదొస్తే ఎవరికి, ఏమని కబురు పంపాలో ముందే రాసుకున్న కాగితం ఇంటికొకటి ఉండాలంటాను. మిరుగు కార్తె రాకముందే విత్తనాలు చూసుకుంటాం, నాగళ్లు సరిచేసుకుంటాం. ఆ పనుల్లోనే ఇదీ ఒకటి కావాలి. మా ఇంట్లో దీనికి ఏటా ఒక సాయంత్రం కూర్చుంటాం.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, కబురు ఎవరి దగ్గరికి చేరాలన్నది. ముంపులో ఉన్నవాళ్లు ఒక్కరికే చెప్పాలి. మిగతా చుట్టాలంతా ఆ ఒక్కరినే అడగాలి. ఆ మనిషి మన వాన పడని చోట ఉండాలి. మా కరీంనగర్ వైపు ఇళ్లలో ఈ మాట అనగానే దుబాయిలో ఉన్న కొడుకో, మస్కట్‌లో ఉన్న అల్లుడో గుర్తుకొస్తారు. మేమూ మొదట దుబాయిలో ఉన్న మా బావమరిది పేరే అనుకున్నాం. కానీ ఇక్కడ మనం వేయించుకునే మామూలు రీచార్జితో ఆ దేశానికి ఫోన్ కలవదు, మెసేజ్ పోదు. నెట్ ఉంటేనే వాట్సాప్. వానలో ముందు పోయేది నెట్టే. అదీగాక 2024 ఏప్రిల్ 16న అక్కడే ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది, అల్ ఐన్ దగ్గర 254 మిల్లీమీటర్లు పడ్డది. ఆ రోజు ఇక్కడి తల్లులు అక్కడి కొడుకుల కోసం ఫోన్లు పట్టుకొని కూర్చున్నారు. చివరికి భీవండిలో సాంచలు నడిపే మేనమామను ఎంచుకున్నాం. మన దేశపు నంబరు, పగలూ రాత్రీ ఎత్తే అలవాటున్న మనిషి.

ఇక కబురు. కాల్ కలవని చోట కూడా మామూలు మెసేజ్ పోయే అవకాశం ఎక్కువ. కాల్‌కు లైను పట్టుకొని ఉండాలి, మెసేజ్ చిన్నది, కాస్త సిగ్నల్ దొరికినా పోతుంది. అందుకని ఎవరెవరం ఉన్నాం, ఎక్కడున్నాం, ఎట్లున్నాం అన్న మూడు ముక్కలే పంపాలని రాసుకున్నాం. 'కంగారు పడకండి' లాంటి మాటలు వద్దు. వాటితో ఎవరికీ ఏమీ తెలియదు.

నంబర్లు పెద్ద అంకెలతో రాశాం. ఫోన్లు వచ్చాక నంబర్లు గుర్తుపెట్టుకోవడం పూర్తిగా పోయింది. తల్లి నంబరు నోటికి రాని పిల్లలు ఎందరో! మా అవ్వకు చదువు రాదు గానీ అంకెలు తెలుసు. మామ నంబరును చూసి నొక్కడం ఆమెతో చేయించాం, మెల్లగా అలవాటైంది. 112, 108 కింద ఉన్నాయి. కాగితాన్ని పట్టా పాస్‌బుక్కు, ఆధార్ ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే పెట్టాం. ఇల్లు విడిచేటప్పుడు అందరి చెయ్యీ పోయేది దాని మీదికే కదా.

ఆ పొద్దు ఇంట్లో లేనివాళ్ల సంగతీ కాగితంలో ఉండాలి. జమ్మికుంట నుంచి రైల్లో కాజీపేటకు పోయి చదువుకునే పిల్లలు, పని చేసుకునేవాళ్లు చాలామంది. 2023 జులైలోనే హసన్‌పర్తి–కాజీపేట మధ్య పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆగాయి. మరుసటి ఏడు సెప్టెంబర్ 1న ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది. రైలు ఆగితే అటే ఉండాలి, ఎవరింట్లో ఉండాలో ముందే రాసి ఉండాలి. బండి మీద చీకట్లో వాగు దాటి వచ్చే సాహసం చేయకూడదు. ఈ మాట మా అబ్బాయి దగ్గర గట్టిగా తీసుకున్నాను.

మానేరు ఒడ్డున ఊళ్లో ఉండే మా బాపును వరదొస్తే ఇల్లు విడవడానికి ఒప్పించడమే కష్టమైంది. "బర్లను కట్టేసి నేనెట్లొస్తరా బిడ్డా, నన్ను రమ్మనకుండ్రి" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. మోరంచపల్లిలో గుంజలకు కట్టేసిన పశువులు కట్టేసినట్టే పోయాయి. మనుషులను మాత్రమే లెక్కపెట్టిన కాగితం రైతు ఇంట్లో నడవదు. ఊరు విడిచిపొమ్మని చాటింపు అయితే, వాగు పొంగితే, ముందు తలుగులు ఎవరు విప్పాలి, ఆయన విప్పలేకపోతే పక్కింటి వాళ్లలో ఎవరు విప్పుతారు అన్నది ఆయన ముందే కూర్చొని రాశాం. మామకు పంపే మెసేజ్‌లో ఇప్పుడు మూడు కాదు, నాలుగు ముక్కలు. నాలుగోది, బర్లను ఇడిసినమా లేదా అన్నది.